ఒకే ఫ్లాస్కులో మూడు పదార్థాలు: బహుఘటక సంఘనన చర్యలతో హెటెరోసైక్లిక్ సమ్మేళనాల తయారీ (తరచుగా అడిగే ప్రశ్నలు)

బహుఘటక చర్య అని దేన్ని అనాలి?

మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ క్రియాజనకాలు ఒకే పాత్రలో కలిసి, వాటన్నిటి పరమాణువుల్లో ఎక్కువ భాగం చివరి ఉత్పన్నంలో మిగిలితే అది బహుఘటక చర్య. రెండు కలిపి, మధ్యస్థాన్ని వేరు చేసి, దానికి మూడోది చేర్చితే అది మామూలు దశలవారీ సంశ్లేషణ. ఇక్కడ చూసేవి హెటెరోసైక్లిక్ ఉత్పన్నాలు, అంటే వలయంలో కార్బన్‌తో పాటు నత్రజని, ఆక్సిజన్ లాంటి పరమాణువులు ఉన్నవి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఆల్డిహైడ్, అమోనియా, హైడ్రోజన్ సయనైడ్‌లతో అమైనో ఆమ్లాలకు దారి వేసిన స్ట్రెకర్ చర్య 1850 నాటిది. గ్లయాక్సాల్, అమోనియాల నుంచి డెబుస్ ఇమిడజోల్‌ను 1858లో తయారుచేశాడు. డైహైడ్రోపిరిడీన్లు ఇచ్చే హాంట్ష్ చర్య 1880ల మొదట్లో, డైహైడ్రోపిరిమిడినోన్లు ఇచ్చే బిజినెల్లి చర్య 1891లో వచ్చాయి. 1917లో రాబిన్సన్ సక్సిన్‌డయాల్డిహైడ్, మిథైల్ అమీన్, అసిటోన్ డైకార్బాక్సిలిక్ ఆమ్లాలను కలిపి ట్రోపినోన్ వలయాన్ని ఒక్క ఫ్లాస్కులోనే కట్టాడు.

మూడింటినీ కలిపి వేడి చేస్తే కలగాపులగం కావాలి కదా, ఒకే ఉత్పన్నం ఎలా వస్తుంది?

ఈ పేజీలో మిగతా జవాబులన్నీ ఈ ఒక్కదాని మీదే ఆధారపడతాయి. ఫ్లాస్కులో మూడు పదార్థాలూ ఒకేసారి ఢీకొనవు. రెండేసి కలుస్తాయి, విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. మొదటి దశల్లో చాలావరకు ఉభయగతాలు. వలయం మూసుకుని నీరు పోయే చివరి దశ మాత్రం దాదాపు ఏకగతం. పైగా ఉత్పన్నం ద్రావణిలో కరగకుండా బయటికి వచ్చేస్తే సమతాస్థితి అటువైపే లాగబడుతుంది.

బిజినెల్లినే చూడండి. ఆల్డిహైడ్‌కు యూరియా ముందుగా చేరి, ఆమ్లం సాయంతో నీరు పోగొట్టుకుని ఎన్-అసైల్ ఇమినియం అయాన్ అవుతుంది. దాని మీదికి ఇథైల్ అసిటోఅసిటేట్ ఈనాల్ రూపంలో దాడి చేస్తుంది. ఆ తర్వాత వలయం మూసుకుంటుంది. ఈ మార్గాన్ని 1997లో కాపే ప్రయోగాలతో బలపరిచాడు. ఆల్డిహైడ్, అసిటోఅసిటేట్ ముందు కలిస్తే నోవెనాగెల్ ఆల్కీన్ (రెండూ నీరు పోగొట్టుకుని కలిసిన ద్విబంధ సమ్మేళనం) వస్తుంది. ఆల్డిహైడ్‌కు రెండు యూరియాలు తగులుకుంటే బిస్‌యూరైడ్ వస్తుంది. చర్య చెడిందంటే దాదాపు ఎప్పుడూ తప్పు జోడీ ముందు కలిసిందనో, కలిసినది తిరిగి విడిపోయే అవకాశం దొరకలేదనో అర్థం.

మొదటిసారి చేసేవాళ్లు ఏ చర్యతో మొదలుపెట్టాలి? కొలతలు చెప్పండి.

బిజినెల్లితో మొదలుపెట్టండి. ఉత్పన్నం తెల్లటి ఘనపదార్థంగా తనంతట తానే పడుతుంది, కాలమ్ క్రోమటోగ్రఫీతో శుద్ధి చేయక్కర్లేదు. 10 మిల్లీమోళ్లకు కొలతలు ఇవి:

- బెంజాల్డిహైడ్ 1.06 గ్రా. (1.02 మి.లీ.)
- ఇథైల్ అసిటోఅసిటేట్ 1.30 గ్రా. (1.27 మి.లీ.)
- యూరియా 0.90 గ్రా. (15 మిల్లీమోళ్లు)
- ఇథనాల్ 5 నుంచి 8 మి.లీ.
- గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 4, 5 చుక్కలు

50 మి.లీ. గుండ్రటి అడుగు ఫ్లాస్కులో ముందు యూరియా, ఇథనాల్, బెంజాల్డిహైడ్ వేసి కలియబెట్టండి. తర్వాత అసిటోఅసిటేట్, చివర్లో ఆమ్లం. కండెన్సర్ బిగించి రెండు మూడు గంటలు రిఫ్లక్స్ చేయండి, అంటే ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులోనే పడేలా మరిగించండి. చాలాసార్లు వేడిగా ఉండగానే ఘనపదార్థం కనిపిస్తుంది. గది ఉష్ణోగ్రతకు చల్లార్చి, అరగంట మంచు తొట్టిలో ఉంచి, బుచ్నర్ గరాటులో వడకట్టండి. ముందు చల్లటి నీళ్లతో కడిగితే మిగిలిన యూరియా, ఆమ్లం పోతాయి. తర్వాత బాగా చల్లబరచిన ఇథనాల్ 2 మి.లీ. చొప్పున రెండుసార్లు పోయండి. ఎక్కువ పోస్తే ఉత్పన్నం కూడా వడపోత ద్రవంలోకి జారుకుంటుంది.

వేడి ఇథనాల్ నుంచి పునఃస్ఫటికీకరించండి. సిద్ధాంతపరంగా రావాల్సింది 2.60 గ్రా. 1.6 నుంచి 2.1 గ్రా. వస్తే పని బాగా జరిగినట్టే. ద్రవీభవన స్థానం 202–204 డిగ్రీల సెల్సియస్.

యూరియానే ఎందుకు ఎక్కువ తీసుకోవాలి? అసిటోఅసిటేట్ ఎక్కువ వేయకూడదా?

మిగిలిపోయిన యూరియా నీళ్లతో కడిగితే పోతుంది. మిగిలిన అసిటోఅసిటేట్ నూనెలా అంటుకుని స్ఫటికాలను జిగటగా చేస్తుంది. అంతకంటే ముఖ్యమైనది, అది ఎక్కువైతే నోవెనాగెల్ జోడీకి బలం పెరుగుతుంది. ఏది ఎక్కువ వేయాలో తేల్చుకునేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: చివర్లో దీన్ని ఎలా వదిలించుకుంటాను?

మూడు గంటలైనా ఏమీ పడలేదు. ఇప్పుడేం చేయాలి?

ముందు టీఎల్‌సీ (పలుచని పొర క్రోమటోగ్రఫీ) వేయండి. హెక్సేన్, ఇథైల్ అసిటేట్ సమాన పరిమాణాల్లో కలిపిన ద్రావణిలో బెంజాల్డిహైడ్ పైకి పోతుంది, ఉత్పన్నం బాగా కింద ఉంటుంది. రెండూ 254 నానోమీటర్ల యూవీ దీపం కింద కనిపిస్తాయి. యూరియా కనిపించదు. కాబట్టి ఒకే మచ్చ ఉందని పదార్థం శుద్ధమని అనుకోవద్దు.

ఉత్పన్నం మచ్చ ఉండి ఘనం పడకపోతే ఇథనాల్ ఎక్కువైంది. సగం ఆవిరి చేసి చల్లార్చండి, లేదా 30 గ్రాముల మంచు ముక్కల మీద పోయండి. నూనెలా విడిపోతే గాజు కడ్డీతో గోడను గీకండి, పాత నమూనా స్ఫటికం ఒకటి వేయండి. అయినా గట్టిపడకపోతే పై ద్రవం వంచేసి కొంచెం హెక్సేన్‌తో నలపండి. మిగిలిన ఆల్డిహైడ్, అసిటోఅసిటేట్ అందులోకి పోతాయి.

మచ్చే లేకపోతే ఆమ్లం చాలలేదు. కండెన్సర్‌లో నీళ్లు సరిగా పారకపోయినా, ఫ్లాస్కు మూత వదులుగా ఉన్నా హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరిగా పోతుంది. రెండు మూడు చుక్కలు చేర్చి ఇంకో గంట చూడండి. రాత్రంతా వదిలేయడం మాత్రం మంచి ఉపాయం కాదు. ఎక్కువసేపు వేడి చేస్తే యూరియా విడిపోయి అమోనియా విడుదలవుతుంది. ఆ అమోనియా హాంట్ష్ దారి పట్టి డైహైడ్రోపిరిడీన్‌ను తెచ్చిపెడుతుంది. బిజినెల్లి చేస్తుంటే లేత పసుపు పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందని తికమకపడేవాళ్లకు తరచూ ఇదే కారణం.

బెంజాల్డిహైడ్ సీసా మూతి దగ్గర తెల్లటి పొడి పేరుకుంది. వాడవచ్చా?

అది బెంజోయిక్ ఆమ్లం. గాలి తగిలి ఆల్డిహైడ్ ఆక్సీకరణం చెందింది. ఆమ్ల ఉత్ప్రేరకంతో చేసే బిజినెల్లిలో దాని వల్ల నష్టం తక్కువే. తూకం వేసినంత ఆల్డిహైడ్ నిజంగా లేకపోవడం వల్ల దిగుబడి కాస్త తగ్గుతుంది, అంతే. క్షార ఉత్ప్రేరకంతో చేసే చర్యల్లో మాత్రం అది చర్యను నెమ్మదింపజేయవచ్చు. 10 మిల్లీమోళ్ల ఆల్డిహైడ్‌లో 5 శాతం బెంజోయిక్ ఆమ్లం ఉందనుకోండి, అది 0.5 మిల్లీమోల్. మీరు వేసే పిపరిడీన్ కూడా 5 మోల్ శాతమే అయితే అదీ 0.5 మిల్లీమోలే. ఉత్ప్రేరకం మొత్తం లవణంగా మారి కూర్చుంటుంది. పిపరిడీన్ మంచిది కాదని సీసా మార్చేవాళ్లు ముందు ఆల్డిహైడ్ సీసా మూతి చూడాలి.

శుద్ధి చేయడం సులువే. 10 శాతం సోడియం కార్బొనేట్ ద్రావణంతో రెండుసార్లు, నీళ్లతో ఒకసారి కడిగి, నిర్జల మెగ్నీషియం సల్ఫేట్‌తో ఆరబెట్టి, తక్కువ పీడనంలో స్వేదనం చేయండి. నైట్రోజన్ కింద, ముదురు రంగు సీసాలో ఉంచండి.

హాంట్ష్ డైహైడ్రోపిరిడీన్‌కు కొలతలు ఏమిటి?

బెంజాల్డిహైడ్ 1.06 గ్రా. (10 మిల్లీమోళ్లు), ఇథైల్ అసిటోఅసిటేట్ 2.60 గ్రా. (20 మిల్లీమోళ్లు), అమోనియం అసిటేట్ 1.16 గ్రా. (15 మిల్లీమోళ్లు), ఇథనాల్ 10 మి.లీ. వేరే ఉత్ప్రేరకం అక్కర్లేదు. రెండు నుంచి నాలుగు గంటలు రిఫ్లక్స్ చేసి, చల్లార్చి, మంచునీళ్లలో పోస్తే లేత పసుపు ఘనం పడుతుంది. ఇథనాల్–నీరు మిశ్రమం నుంచి స్ఫటికీకరించండి. సిద్ధాంతపరంగా 3.29 గ్రా., ద్రవీభవన స్థానం 156–158 డిగ్రీలు.

ఇక్కడ రెండు జోడీలు పక్కపక్కనే తయారవుతాయి. ఆల్డిహైడ్‌తో ఒక అసిటోఅసిటేట్ కలిసి ఆల్కీన్, అమోనియాతో ఇంకో అసిటోఅసిటేట్ కలిసి ఈనమైన్. ఈ రెండూ మైకేల్ పద్ధతిలో (ఆల్కీన్ ద్విబంధానికి ఈనమైన్ చేరి) కలిసి వలయం మూస్తాయి. బిజినెల్లిలో దారి తప్పినట్టు లెక్కేసిన నోవెనాగెల్ ఆల్కీన్ ఇక్కడ అసలు దారే. మొత్తం మీద మూడు నీటి అణువులు పోతాయి.

అమోనియం అసిటేట్ తేమను విపరీతంగా పీలుస్తుంది. తడి పదార్థాన్ని తూచితే సగం నీళ్లే తూచినట్టు. గడ్డకట్టిన సీసా అయితే వడపోత కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి వాడండి. అమోనియా కొంత కండెన్సర్ పైనుంచి పోతుంది, అందుకే ఒకటిన్నర రెట్లు. మరీ ఎక్కువైతే ఆల్డిహైడ్‌తో నేరుగా కలిసి హైడ్రోబెంజమైడ్ ఇస్తుంది.

డైహైడ్రోపిరిడీన్ పాడైపోతుందా?

ఆక్సీకరణం చెంది పిరిడీన్ అవుతుంది, వలయానికి ఆరోమాటిక్ స్థిరత్వం వస్తుంది కాబట్టి ఆ మార్పుకు తేలిగ్గా ఒప్పుకుంటుంది. మామూలు ఫీనైల్ ఉత్పన్నం చీకట్లో చాలాకాలం ఉంటుంది. ఆర్థో స్థానంలో నైట్రో సమూహం ఉన్న నిఫెడిపిన్ (రక్తపోటు మందు) మాత్రం వెలుతురుకు చాలా సున్నితం. వెలుతురు తగిలితే నైట్రో సమూహం క్షయకరణం చెంది నైట్రోసో అయి, వలయం పిరిడీన్‌గా మారుతుంది. అలాంటివి చేసేటప్పుడు ఫ్లాస్కుకు అల్యూమినియం రేకు చుట్టండి. స్ఫటికీకరణ, ఆరబెట్టడం కూడా మసక వెలుతురులోనే జరగాలి.

రెండు వేర్వేరు ఎస్టర్లున్న డైహైడ్రోపిరిడీన్ కావాలి. రెండు బీటా-కీటోఎస్టర్లూ కలిపి వేయనా?

వద్దు. రెండు సౌష్ఠవ ఉత్పన్నాలు, ఒక అసౌష్ఠవ ఉత్పన్నం కలిసి వస్తాయి. వాటిని విడదీయడం కష్టం. ఒక కీటోఎస్టర్‌తో ఆల్డిహైడ్‌ను ముందే నోవెనాగెల్ చేసి ఆల్కీన్ తీసుకోండి. రెండోదాన్ని ఈనమైనోఎస్టర్‌గా మార్చి దానికి చేర్చండి. ఒక్క ఫ్లాస్కు అనే గొప్ప పోతుంది, పదార్థం మాత్రం దక్కుతుంది.

మాలోనోనైట్రైల్, డైమిడోన్‌లతో క్రోమీన్లు చేసేటప్పుడు వరుస ముఖ్యమా?

చాలా. బెంజాల్డిహైడ్ 1.06 గ్రా., మాలోనోనైట్రైల్ 0.66 గ్రా. తీసుకుని 1:1 ఇథనాల్–నీరు 20 మి.లీ.లో కలిపి, పిపరిడీన్ 0.05 మి.లీ. వేయండి. పది నిమిషాలు కలియబెట్టాక డైమిడోన్ 1.40 గ్రా. చేర్చి 50–60 డిగ్రీల దగ్గర ఉంచితే సాధారణంగా గంటలోపే చిక్కటి ముద్దలా ఘనం పడుతుంది. సిద్ధాంతపరంగా 2.94 గ్రా.

డైమిడోన్‌ను ముందే వేస్తే ఒక ఆల్డిహైడ్‌కు రెండు డైమిడోన్లు తగులుకుంటాయి. అది కూడా తెల్లటి ఘనమే, అందంగా స్ఫటికీకరిస్తుంది. ఆమ్లంలో వేడి తగిలితే జాంథీన్‌డయోన్‌గా మూసుకుంటుంది. చూడ్డానికి అచ్చం మీకు కావలసినదానిలాగే ఉంటుంది కాబట్టే ప్రమాదం. ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలో 2190–2200 సెం.మీ.⁻¹ దగ్గర నైట్రైల్ పట్టీ లేకపోతే అది క్రోమీన్ కాదు.

మాలోనోనైట్రైల్ విషపూరితం, శరీరంలో సయనైడ్ విడుదల చేస్తుంది. 32 డిగ్రీలకే కరుగుతుంది. గడ్డకట్టిన సీసాను గోరువెచ్చటి నీళ్లలో పెట్టి కరిగించండి, మంట దగ్గరికి తీసుకెళ్లకండి. గాఢ క్షారం తగిలినా, 130 డిగ్రీలు దాటి వేడెక్కినా ఉగ్రంగా పాలిమరీకరించే ప్రమాదం ఉంది. మధ్యలో వచ్చే బెంజిలిడీన్ మాలోనోనైట్రైల్ కళ్లను, చర్మాన్ని మండిస్తుంది. దాన్ని వేరు చేసి ఆరబెట్టే పని పెట్టుకోకండి. అంతా ఫ్యూమ్ హుడ్‌లోనే, చేతి తొడుగులతో. వ్యర్థాలను ఆమ్ల వ్యర్థాలతో కలపవద్దు.

ఇమిడజోల్ వలయానికి ఏ చర్య?

బెంజిల్ (రెండు కార్బొనైల్ సమూహాలు పక్కపక్కనే ఉన్న డైకీటోన్), ఆల్డిహైడ్, అమోనియం అసిటేట్. బెంజిల్ 1.05 గ్రా. (5 మిల్లీమోళ్లు), బెంజాల్డిహైడ్ 0.53 గ్రా., అమోనియం అసిటేట్ 3 నుంచి 4 గ్రా., గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం 15 మి.లీ. ఒకటి రెండు గంటలు రిఫ్లక్స్. 150 మి.లీ. చల్లటి నీళ్లలో పోసి అమోనియాతో తటస్థీకరించి వడకట్టండి. వచ్చేది 2,4,5-ట్రైఫీనైల్ ఇమిడజోల్, పాత పేరు లోఫీన్. సిద్ధాంతపరంగా 1.48 గ్రా., 270 డిగ్రీలు దాటాక గానీ కరగదు. లోఫీన్ తెలుపు, బెంజిల్ పసుపు. ఘనం పసుపుగా ఉంటే బెంజిల్ మిగిలింది. ఆల్కహాల్‌లో క్షారం కలిపి గాలి అందిస్తే లోఫీన్ చీకట్లో వెలుగుతుంది. రసాయన దీప్తిని సంశ్లేషిత కర్బన పదార్థంలో తొలిసారి గమనించింది దీనిలోనే, 1877లో, రాజిషెవ్‌స్కీ.

నత్రజని మీద కూడా ప్రతిక్షేపకం కావాలంటే ఒక ప్రాథమిక అమీన్‌ను నాలుగో ఘటకంగా వేస్తారు. అప్పుడు అమోనియం అసిటేట్ ధారాళంగా వేయకూడదు. అమీన్‌కు సమానంగా, ఒక తుల్యాంకం దగ్గరే ఆపండి. లేకపోతే అమోనియా అమీన్ స్థానాన్ని ఆక్రమించి మళ్లీ లోఫీనే వస్తుంది.

అన్ని ఆల్డిహైడ్లూ ఒకేలా పనిచేస్తాయా?

లేదు. నైట్రో, క్లోరో లాంటి ఎలక్ట్రాన్లను లాగే సమూహాలుంటే త్వరగా జరుగుతుంది. పారా-డైమిథైల్ అమైనో లాంటివి నెమ్మది, ఆమ్లంలో ఆ నత్రజని ప్రోటాన్ పట్టుకుని లెక్క ఇంకా మారుస్తుంది. ఆర్థో ప్రతిక్షేపకాలు దారికి అడ్డం కాబట్టి సమయం రెట్టింపు పట్టవచ్చు. అలిఫాటిక్ ఆల్డిహైడ్లు తమలో తామే ఆల్డాల్ చేసుకుంటాయి. వాటిని చుక్కచుక్కగా చేర్చండి. సాలిసిలాల్డిహైడ్ పూర్తిగా వేరే కథ: బిజినెల్లి వలయం కట్టాక దాని ఫీనాల్ ఆక్సిజన్ లోపలికి తిరిగి దాడి చేసి, వంతెన ఉన్న మూడు వలయాల సమ్మేళనాన్ని ఇవ్వగలదు.

యూరియాకు బదులు థయోయూరియా?

జరుగుతుంది. సాధారణంగా నెమ్మది, దిగుబడి తక్కువ. 3-హైడ్రాక్సీ బెంజాల్డిహైడ్, థయోయూరియా, ఇథైల్ అసిటోఅసిటేట్‌లు ఇచ్చేది మొనాస్ట్రోల్. కణ విభజనలో పాల్గొనే ఈజీ5 కైనెసిన్ అనే ప్రోటీన్‌ను ఇది నిరోధిస్తుందని 1999లో తేలాక బిజినెల్లి చర్యకు మళ్లీ గిరాకీ వచ్చింది. ఫ్లాస్కులో వచ్చేది రెండు ప్రతిబింబ రూపాల సమ మిశ్రమం. 4వ కార్బన్ అసౌష్ఠవమైనది, హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఎడమా కుడీ తెలియవు.

వచ్చింది సరైన పదార్థమేనని ఎలా తేల్చుకోవాలి?

ద్రవీభవన స్థానం తొలి పరీక్ష. రెండు డిగ్రీల కంటే వెడల్పుగా కరిగితే మళ్లీ స్ఫటికీకరించండి. తీర్పు చెప్పేది ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాద వర్ణపటం).

బిజినెల్లి ఉత్పన్నానికి డీఎంఎస్‌ఓ-డీ6 ద్రావణిలో 5.1 పీపీఎం దగ్గర 4వ స్థానపు హైడ్రోజన్, దాదాపు 3 హెర్ట్జ్‌ల విడివడితో ద్వికంగా (రెండు గీతల శిఖరంగా) వస్తుంది. పక్కనున్న ఎన్‌హెచ్‌తో జతపడటమే కారణం. 7.7, 9.2 దగ్గర రెండు ఎన్‌హెచ్‌లు, 2.25 దగ్గర మిథైల్. యూరియా మిగిలితే 5.4 దగ్గర వెడల్పాటి శిఖరం కనిపిస్తుంది. ఎన్‌హెచ్‌లే లేకుండా 7.6 ప్రాంతంలో ఒంటరి ఏకశిఖరం ఉంటే మీ చేతిలో ఉన్నది నోవెనాగెల్ ఆల్కీన్.

హాంట్ష్ ఉత్పన్నానికి క్లోరోఫాం-డీలో 5.0 దగ్గర ఏకశిఖరం, 2.3 దగ్గర ఆరు హైడ్రోజన్ల మిథైల్, ఒకే ఒక ఎన్‌హెచ్. 5.0 దగ్గరిది మాయమై మిథైల్ 2.6 వైపు జరిగితే అది పిరిడీన్ అయిపోయింది.

ద్రావణి లేకుండా, మైక్రోవేవ్‌లో, కొత్త ఉత్ప్రేరకాలతో 98 శాతం దిగుబడులని చదువుతుంటాం. నమ్మవచ్చా?

ద్రావణి లేకుండా 80–100 డిగ్రీల దగ్గర బిజినెల్లి నిజంగానే బాగా జరుగుతుంది. కానీ ఉత్ప్రేరకం గొప్పదనం తేల్చాలంటే అదే ఉష్ణోగ్రతలో, అంతే సమయం, ఉత్ప్రేరకం లేకుండా ఒక ఖాళీ ప్రయోగం తప్పనిసరి. అది లేని పట్టికను పక్కన పెట్టండి. నీటిలో చేశామని చెప్పి, చివర్లో 200 మి.లీ. ఇథైల్ అసిటేట్‌తో మూడుసార్లు సంగ్రహిస్తే అది పర్యావరణహితం ఎలా అవుతుందో ఆలోచించండి. అసలు బలం వేరేచోట ఉంది: బిజినెల్లిలో పోయేది రెండు నీటి అణువులే. తీసుకున్న 296 భాగాల ద్రవ్యరాశిలో 260 భాగాలు ఉత్పన్నంలోనే ఉంటాయి, అంటే దాదాపు 88 శాతం.

వంటింటి మైక్రోవేవ్ మాత్రం వద్దు. ఉష్ణోగ్రత కొలత ఉండదు, ఇథనాల్ ఆవిరి లోపలే నిండుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

10 మిల్లీమోళ్ల పద్ధతిని పదింతలు చేస్తే సరిపోతుందా?

కొలతలు సరిపోతాయి, వేడి సరిపోదు. పెద్ద ఫ్లాస్కులో ఉపరితలం అదే నిష్పత్తిలో పెరగదు కాబట్టి నోవెనాగెల్ దశలో పుట్టే వేడి లోపలే నిలుస్తుంది. ఆల్డిహైడ్‌ను గరాటు నుంచి నెమ్మదిగా వదలండి, థర్మామీటర్ ద్రవంలోనే ఉండాలి. క్రోమీన్ చర్యలో ఘనం ఒక్కసారిగా గడ్డకడితే అయస్కాంత పుల్ల ఆగిపోతుంది. పైనుంచి తిరిగే మోటారు కలియబెట్టే యంత్రం వాడండి.

దిగుబడి 108 శాతం వచ్చింది. ఎక్కడ పొరపాటు?

తడి, లేదా బిజినెల్లి అయితే యూరియా. ఒక చిటికెడు ఘనాన్ని నీళ్లలో వేసి కలిపి, వడకట్టిన నీటిని గడియార గాజు మీద ఆవిరి చేయండి. తెల్లటి పొర మిగిలితే యూరియా ఉంది, మళ్లీ నీళ్లతో కడగాలి. పొర లేకపోతే 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, వరుసగా రెండు తూకాలు ఒకటయ్యేదాకా ఆరబెట్టండి. శాతం లెక్క ఆ తర్వాతే, అది కూడా తక్కువ మోళ్లలో తీసుకున్న క్రియాజనకం మీద.